వారానికో పుస్తకం: లెక్క వేస్తే 52 కాదు, 31

ఓ పత్రికలో వారం వారం పుస్తక సమీక్ష రాయడానికి ఒప్పుకున్న కొత్తలో, ఐదో వారానికి నేను 640 పేజీల నవల ఒకటి ఎంచుకున్నాను. సోమవారం మొదలుపెడితే శనివారం రాత్రికి సగం కూడా అవలేదు. ఆదివారం పొద్దున వ్యాసం పంపాలి. చివరి రెండు అధ్యాయాలు గబగబా తిరగేసి, అట్ట వెనక రాసిన నాలుగు మాటలకు నావి నాలుగు కలిపి పంపేశాను. అచ్చయ్యాక ఓ పాఠకుడు పోస్టుకార్డు రాశాడు. కథానాయకుడికి కడదాకా అండగా నిలిచాడని నేను మెచ్చుకున్న మేనమామ నాలుగు వందల పైచిలుకు పేజీలో చనిపోతాడట. "మీ సమీక్షలో ఆయన ఆయురారోగ్యాలతో ఉన్నందుకు సంతోషం" అని ముగించాడు.

ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. సిగ్గు కాస్త తగ్గాక కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. ఏ పుస్తకం, ఏ వారం అని జాబితా రాసుకోవడం అందరూ చేసేదే, నేనూ చేశాను. చేయనిది ఒక్కటే: పేజీలను గంటల్లోకి మార్చి చూసుకోలేదు.

వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర తీసేస్తే 119 మిగులుతాయి. ఉద్యోగం, దానికి రానూపోనూ ప్రయాణం కలిపి ఐదు రోజులకు 50 అనుకుంటే 69. వంటావార్పూ, కిరాణా, పిల్లల హోంవర్కు, అమ్మానాన్నల మందులు, పలకరింపులు, ఫోను, ఊరికే కూర్చోవడం (ఇదీ కావాలి) అన్నీ పోగా నాకు చిక్కేది పని రోజుల్లో రోజుకో గంట, శని ఆదివారాల్లో రెండున్నర చొప్పున. వెరసి 10 గంటలు. మీకు 14 ఉండొచ్చు, 6 ఉండొచ్చు. ఎంతైనా సరే, ముందు ఈ అంకె తేలాలి. తక్కిన అంకెలన్నీ దీని వెనకాలే వస్తాయి.

రెండో అంకె చదివే వేగం. బెల్జియం పరిశోధకుడు మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో 190 అధ్యయనాలను కలిపి చూసి, ఇంగ్లిషు చదివే పెద్దవాళ్లు మనసులో చదువుకునేటప్పుడు కథేతర రచనలైతే నిమిషానికి సగటున 238 మాటలు చదువుతారని తేల్చాడు. కథ, నవల లాంటివైతే 260. ఈ అంకెను తెలుగుకు అంటగట్టలేం. 'రావాల్సివచ్చిందనుకున్నాడు' అన్నది మనకు ఒకే మాట. ఇంగ్లిషులో దాన్ని విప్పితే ఏడెనిమిది మాటలవుతుంది. అందుకే మాటలు లెక్కపెట్టడం మానేసి పేజీలు లెక్కపెట్టాను. డెమీ సైజు తెలుగు పుస్తకంలో పేజీకి సుమారు 30 వరుసలు, వరుసకు ఏడు మాటలు. చేతిలో పెన్సిలు పట్టుకుని, నచ్చినచోట గీత గీసుకుంటూ చదివితే నాకు పేజీకి రెండు నిమిషాలు పడుతుంది. గంటకు 30 పేజీలు. బస్సులో కాలక్షేపానికి చదివే వేగం ఇంతకంటే ఎక్కువే. కానీ ఆ చదువు మీద ఆధారపడి రాస్తే మేనమామలు బతికొస్తారు.

ఇప్పుడు 200 పేజీల నవల తీసుకుందాం. చదవడానికి 6 గంటల 40 నిమిషాలు. గీతలు గీసిన పేజీలను మళ్లీ తిరగేయడానికి 40 నిమిషాలు. 800 మాటల చిత్తుప్రతికి రెండు గంటలు. దిద్దుబాటుకు 45 నిమిషాలు. పాత్రల పేర్లు, ఊళ్ల పేర్లు, ఉటంకించిన వాక్యాలు, చివర వేసే పేజీల సంఖ్య, వెల, 'ప్రతులకు' అనే చిరునామా సరిచూడటానికి ఇంకో అరగంట. మొత్తం 10 గంటల 35 నిమిషాలు. నా పది గంటల వారంలో 200 పేజీల పుస్తకం కూడా పట్టక 35 నిమిషాలు పైకి పొర్లుతోంది! అదే 300 పేజీలైతే 13 గంటల 55 నిమిషాలు. నన్ను ముంచిన 640 పేజీల నవలకు చదువుకే 21 గంటల 20 నిమిషాలు కావాలి, అంటే రెండు వారాల పైన. నేనిచ్చింది ఆరు రోజులు.

ఇందులో దాగి ఉన్న సంగతి ఒకటుంది. చదువు కాక మిగిలిన పనికి పట్టే 3 గంటల 55 నిమిషాలు పుస్తకం లావును బట్టి పెద్దగా మారవు. 120 పేజీల పుస్తకానికీ అంతే, 400 పేజీల పుస్తకానికీ అంతే. అందువల్ల వారాన్ని తారుమారు చేసేది పేజీల సంఖ్య ఒక్కటే. "ఈ నెల నాలుగు పుస్తకాలు" అనుకోవడం కంటే "ఈ నెల 800 పేజీలు" అనుకోవడం మేలు. నాలుగు పుస్తకాలంటే 400 పేజీలూ కావచ్చు, 1,600 పేజీలూ కావచ్చు.

కవిత్వానికి ఈ సూత్రం చెల్లదు. 96 పేజీల కవితా సంపుటిని ఓ గంటలో ముగించొచ్చు. అలా ముగించి సమీక్ష రాసేవాళ్లూ ఉన్నారు, చదివితే తెలిసిపోతుంది. కనీసం మూడుసార్లు, అదీ వేరువేరు రోజుల్లో చదవాలి. గంటలు మూడే అయినా దానికి రోజులు కావాలి. నేనైతే కవిత్వాన్ని ఎప్పుడూ వేరే పుస్తకంతో జోడించి, రాత్రి పడుకునే ముందు పది పేజీల చొప్పున పెట్టుకుంటాను.

ఏడాది పద్దు

వారానికి పది చొప్పున 52 వారాలకు 520 గంటలు. సంక్రాంతి, ఉగాది, వేసవి పెళ్లిళ్లు, దసరా, దీపావళి, ఓ జ్వరం, ఓ ప్రయాణం. వీటికి ఆరు వారాలు తీసేద్దాం. మిగిలింది 460 గంటలు.

అన్ని పుస్తకాలూ 200 పేజీలుండవు. సగటున 250 వేసుకుంటే ఒక్కో సమీక్షకు 12 గంటల 15 నిమిషాలు. దీనికి మధ్యలో వదిలేసే పుస్తకాల ఖర్చు కలపాలి. నా అనుభవంలో నాలుగు పుస్తకాల మీద రాస్తే ఐదోది 60 పేజీల దగ్గర పక్కన పెట్టేస్తాను. అంటే రెండు గంటలు నీళ్లపాలు. నాలుగింటికీ పంచితే తలా అరగంట. కాబట్టి సమీక్ష అసలు ధర 12 గంటల 45 నిమిషాలు. ఈ వదిలేసే హక్కు పద్దులో లేకపోతే, ఇప్పటికే చదివేశాం కదా అని నచ్చని పుస్తకాన్ని ఈడ్చుకుంటూ వెళ్లి, ఆ కసి సమీక్షలో తీర్చుకుంటాం. రెండు గంటలు పోతే పోయాయి.

460ని 12.75తో భాగిస్తే 36. అంటే 16 వారాలు ఖాళీ. వాటిని చిన్న వ్యాసాలతో నింపుదామంటే వాటికీ గంటలు కావాలి కదా. ఒక సంపుటిలోంచి ఒకే ఒక్క కథ తీసుకుని దాని మీద 300 మాటలు రాద్దాం. 12 పేజీల కథను మూడుసార్లు చదవడానికి 72 నిమిషాలు, రాయడానికి గంట, దిద్దడానికీ సరిచూడటానికీ 45 నిమిషాలు. దాదాపు మూడు గంటలు. ఈ ఖర్చు కలిపి మళ్లీ లెక్క వేస్తే అంకెలు కుదురుకునే చోటు ఇది: పెద్ద సమీక్షలు 31, చిన్నవి 21. పెద్దవాటికి 395 గంటల 15 నిమిషాలు, చిన్నవాటికి 63. కలిపితే 458 గంటల 15 నిమిషాలు. చేతిలో 460 ఉన్నాయి.

31కి 21 అంటే ఇంచుమించు మూడుకు రెండు. ప్రతి ఐదు వారాల్లో మూడు పెద్దవి, రెండు చిన్నవి. పెద్ద, చిన్న, పెద్ద, చిన్న, పెద్ద. ఈ ఐదు వారాలకు అయ్యే ఖర్చు 44 గంటల 15 నిమిషాలు, ఉన్నవి 50. మిగిలిన 5 గంటల 45 నిమిషాలు ఏడాది పొడుగునా పోగుపడితే 60 గంటలవుతుంది. పండగలకు తీసేసిన ఆరు వారాలు అవే. కావాలని కుదిర్చింది కాదు, భాగహారం చేస్తే అలా వచ్చింది. మీ గంటలు వేరైతే మీ నిష్పత్తి వేరు.

చిన్న వ్యాసాన్ని చిన్నచూపు చూడొద్దు. మంచి ముందుమాట ఒకటి, పాత పుస్తకంలో ఇప్పుడు చదివితే కొత్తగా కనిపించిన అధ్యాయం ఒకటి, ఒక్క కథ: ఇవన్నీ దీనికి సరుకే. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' 1975–77 మధ్య ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి, మొత్తం వంద. ఒక్కోటి నాలుగైదు పేజీల కథ. సంపుటి మొత్తాన్ని ఒకే సమీక్షలో కుక్కితే ఏ కథ గురించీ రెండు వాక్యాలకు మించి రాయలేం. ఒక్కో కథ చొప్పున తీస్తే ఏడాదికి సరిపడా చిన్న వ్యాసాలు అందులోనే ఉన్నాయి.

వారంలో ఏ రోజు ఏం చేయాలి

చదివిన పుస్తకం మీద ఆ వారమే రాయాలన్న పట్టుదల నాకు చాలాకాలం ఉండేది. అది వదిలేశాక ప్రాణం హాయిగా ఉంది. ఇప్పుడు ఎప్పుడు చూసినా నా దగ్గర మూడు ఉంటాయి: చదువుతున్నది ఒకటి, రాస్తున్నది ఒకటి, పంపడానికి సిద్ధమైనది ఒకటి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో గంట చదువు, 150 పేజీలు. శనివారం రెండున్నర గంటలు అంతకుముందు ముగించిన పుస్తకం మీద చిత్తుప్రతి, సరిచూడటం. ఆదివారం ముప్పావు గంట పాత చిత్తు దిద్దుబాటు, మిగతా గంటా ముప్పావు మళ్లీ చదువు. వారానికి 200 పేజీలు నడుస్తాయి. చదవడానికీ రాయడానికీ మధ్య నాలుగైదు రోజుల ఎడం దానంతటదే వస్తుంది. ఆ ఎడంలో మరిచిపోయినవి మరిచిపోదగ్గవేనని నా నమ్మకం.

నిల్వ సంగతి. మన ఇళ్లలో ఆవకాయ పెట్టుకున్నట్టే ఇదీ. కూర కుదరని రోజు జాడీ మూత తీస్తాం. పండగ, ప్రయాణం వరసగా వస్తే రెండు వారాలు పోతాయి, మధ్యలో జ్వరం వస్తే మూడు. అందుకని మూడు వ్యాసాలు ఎప్పుడూ జాడీలో ఉండాలి. శీర్షిక మొదలుపెట్టే ముందే నాలుగు రాసిపెట్టుకోమంటాను, రెండు పెద్దవి, రెండు చిన్నవి. దానికి 31 గంటల 30 నిమిషాలు, అంటే మూడు వారాల పైమాట. "వచ్చే ఆదివారం నుంచి" అని ప్రకటించాలనుకునేవాళ్లు నెల తర్వాతి ఆదివారం పేరు చెప్పడం క్షేమం. నిల్వకు పాత పుస్తకాల మీద రాసినవే పనికొస్తాయి. కొత్త పుస్తకం సమీక్ష ఆరు నెలలు జాడీలో ఉంటే బూజు పడుతుంది.

వెయ్యి పేజీల పుస్తకాన్ని ఈ చట్రంలో ఇమడ్చలేం. విశ్వనాథ 'వేయిపడగలు' దాదాపు వెయ్యి పేజీలు. నా వేగానికి 33 గంటల 20 నిమిషాలు. అలాంటిదాన్ని పక్క పొయ్యి మీద సన్న సెగన పెట్టాలి. రోజుకు 20 పేజీలు, 40 నిమిషాలు, 50 రోజులు. ఆ రోజుల్లో అసలు పొయ్యి మీద చిన్న వ్యాసాలు, పలుచని పుస్తకాలే పెట్టుకోవాలి. ఏడాదికి అలాంటిది ఒకటి చాలు, రెండైతే ఎక్కువే.

తేదీల వెంట పరుగు

క్యాలెండరు చూసి పుస్తకాలు వేసుకోవడం అందరికీ ఇష్టం. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవం, ఆగస్టు 29న గిడుగు జయంతి, డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన. ఇలాంటివాటిలో ఏడాదికి నాలుగైదు తేదీలకు మాత్రమే తల ఊపుతాను. జయంతి నాడు ఆ రచయిత మీద అన్ని పత్రికలూ రాస్తాయి. మన వ్యాసం ఆ గుంపులో ఇరవయ్యోది. రెండు వారాలు ఆగితే అది ఒక్కటే ఉంటుంది.

నోబెల్ అయితే మరీ. సాహిత్య బహుమతిని అక్టోబరులో ఓ గురువారం మన సమయం సాయంత్రం నాలుగున్నరకు ప్రకటిస్తారు. ఆదివారం శీర్షికకు శనివారం రాత్రి గడువు అనుకుంటే మధ్యలో నాకున్నవి నాలుగున్నర గంటలు. పుస్తకం అప్పటికే చేతిలో ఉన్నా, ఒక్క మాటా రాయకుండా చదివినా, 135 పేజీలు. 2025లో బహుమతి పొందిన హంగరీ రచయిత లాస్లో క్రాస్నహోర్కైవి పేజీలకు పేజీలు ఫుల్‌స్టాపు లేని వాక్యాలు. అక్కడ గంటకు 30 పేజీల లెక్క మూలన పడుతుంది. ఆ ఆదివారం వచ్చే వ్యాసాల్లో ఎన్ని చదివి రాసినవో ఊహించుకోండి. నవంబరు ఆఖరుకు వేసుకుంటే నష్టమేమీ లేదు.

కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం విషయంలో తొందర ఇంకా అనవసరం. 2023లో తెలుగుకు తల్లావఝుల పతంజలిశాస్త్రి 'రామేశ్వరం కాకులు' కథల సంపుటికి వచ్చింది. ఆ ఏడాది పోటీకి అర్హమైనవి 2017 జనవరి 1 నుంచి 2021 డిసెంబరు 31 లోపు తొలిసారి అచ్చయిన పుస్తకాలు. ఏ ఏడు చూసినా ఇదే లెక్క. బహుమతి నాటికి పుస్తకం వచ్చి ఏడాది దాటి ఉంటుంది, ఏడేళ్లకు దగ్గరపడి ఉండొచ్చు. ప్రకటన వచ్చిన వారంలో ఉరుకులు పెట్టేవాళ్లకు అన్నేళ్లూ ఆ పుస్తకం అందుబాటులోనే ఉంది.

కొత్త పుస్తకం కావాలంటే మూడు వారాల ముందే అడగాలి. 2025 మే 1న తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. చవకే, కానీ రోడ్డూ రైలూ మీద వస్తుంది. పార్శిలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న వారం కూడా వారమే.

మొహమాటం ఖాతా

'సమీక్షకు రెండు ప్రతులు పంపాలి' అన్న వాక్యం తెలుగు పత్రికల్లో తరతరాలుగా ఉంది. వారానికి మూడు పుస్తకాలు వచ్చాయనుకుందాం, ఏడాదికి 156. మనం రాయగలిగింది 31. ఐదింట ఒకటి. మిగతా 125 మంది రచయితల్లో సగం మంది తెలిసినవాళ్లే ఉంటారు. ఆవిష్కరణ సభలో ఎదురుపడతారు, "చూశారా?" అంటారు. తెలుగులో సమీక్షల నాణ్యతను దెబ్బతీసేది గడువుల కంటే ఈ ఒక్క మాటేనని నా అభిప్రాయం. దీనికీ అంకె పెట్టుకోవడమే దారి. 31లో మూడు, అంతే. తెలిసినవాళ్ల పుస్తకాలకు అంతకుమించి చోటు లేదు. ఆ మూడింటిలోనూ పరిచయం ఉన్న సంగతి మొదటి పేరాలోనే చెప్పేస్తాను. మిగతావాళ్లకు 'అందిన పుస్తకాలు' జాబితాలో పేరు, పేజీలు, వెల వేస్తే, అందిందన్న కబురైనా చేరుతుంది.

మిగిలిన 28లో సగం ఈ ఏడాదివి, సగం పాతవి. నవలలకూ కథలకూ కలిపి సగానికి మించి ఇవ్వకుండా చూసుకుంటాను. అనువాదాలు, ఆత్మకథలు, చరిత్ర, పిల్లల పుస్తకాలు మన శీర్షికల్లో ఎప్పుడూ ఆకలితోనే ఉంటాయి.

ఇక నిడివి. జార్జ్ ఆర్వెల్ 1946లో సమీక్షకుడి బతుకు మీద రాసిన వ్యాసంలో, చాలా పుస్తకాలను అసలు పట్టించుకోకుండా, ముఖ్యమైన కొన్నింటికే కనీసం వెయ్యి మాటలు ఇవ్వాలన్నాడు. ఆరు వందల మాటల మధ్యరకం సమీక్ష ఎందుకూ కొరగాదని తేల్చేశాడు. మన మాటలు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆయన వెయ్యి మనకు ఆరేడు వందలని నా అంచనా. అందుకే 800 పెట్టుకున్నాను. అందులో కథ చెప్పడానికి 200 దాటనివ్వను. పుస్తకంలోంచి వాక్యాలు ఎత్తి చూపడానికి భయం అక్కర్లేదు. సమీక్ష కోసం న్యాయంగా ఉటంకించడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం అనుమతిస్తుంది. ఆ సెక్షను సంఖ్య కూడా, చిత్రంగా, 52.

వారం అన్న గడువేమీ శిలాశాసనం కాదు. విమర్శకుడు రారా సంపాదకత్వంలో 1968లో కడప నుంచి మొదలైన 'సంవేదన' పత్రిక మూడు నెలలకోసారి వచ్చేది. అందులో విమర్శకు ఉన్న పదును ఇవాళ్టికీ చెప్పుకుంటాం. పక్షానికొకటి రాస్తే ఏడాదికి 26 పెద్ద సమీక్షలు, 331 గంటల 30 నిమిషాలు. నాకున్న 460లో 128 గంటలు మిగులుతాయి. వాటిలో, రాయాల్సిన పని లేని పుస్తకాలు 3,800 పేజీలకు పైగా చదువుకోవచ్చు. రాయడం కోసమే చదివీ చదివీ చదువు మీదే విసుగు పుట్టినవాళ్లకు నేను చెప్పే మందు ఇదే. వారం శీర్షికను పక్షానికి మార్చుకుంటే పాఠకులు ఏమీ అనుకోరు. ఒకరిద్దరు అడుగుతారు, అంతే.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. మీకు నచ్చిన రచయిత పుస్తకం కాకుండా, ముక్కూమొహం తెలియని రచయితది ఒకటి తీసుకోండి. పెన్సిలు పట్టుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పది పేజీలు చదవండి. ఎన్ని నిమిషాలు పట్టిందో ఆ పుస్తకం లోపలి అట్ట మీదే రాసుకోండి. నాకు మొదటిసారి 23 నిమిషాలు పట్టింది.